కల్లు మండువ – తాటివనపు దయ్యాలు

వరంగల్లు నుండి ఖమ్మం వెళ్ళే రహదారిమీద వర్ధన్నపేట ఉన్నది. నిజాం కాలంలో వరంగల్లు జిల్లాలోని తాలూకాలలో ఇది ఒకటి. ఈ ప్రాంతంలో చెరువు కట్టల వెంబడి, పొలాల గట్లమీద, ఆకేరు వాగు ఒడ్డున తాటిచెట్లు, ఈతచెట్లు విరివిగా కనబడతాయి. చెట్లున్నచోట గీత ఉంటుంది. గీత ఉన్నచోట కల్లు మండువ ఉంటుంది. ఊరికి కొంచెం ఎడంగా, చెట్టునీడన లేదా తాటాకు పందిరి క్రింద, కుండలు వరుసగా పెట్టి కల్లు అమ్మే చోటుకే తెలంగాణంలో మండువ అని పేరు. పట్టణాలలో దానినే కల్లు కాంపౌండ్ అంటారు. పాత తరంవారు సేందీఖానా అనేవారు.

పగలు మండువలో ఊరి కబుర్లన్నీ వినబడతాయి. ప్రొద్దుగుంకిన తరువాత అక్కడ చెప్పుకొనే కథలు వేరు. చెట్టుమీదనుండి పడి చనిపోయిన గీతగాడు సందెవేళ మళ్ళీ చెట్టెక్కుతాడనీ, అతని కత్తి చప్పుడు వినబడుతుందనీ ఒక కథ. అర్ధరాత్రి ఎవరో లొట్టిలోని కల్లంతా త్రాగిపోతారని ఇంకొకటి. చెరువు వెనుక కొరివిదయ్యం దివిటీ పట్టుకొని తిరుగుతుందని మూడవది. కొన్నాళ్ళు మండువకు పోవడం మానినవానికి ఎవరూ లేనిచోట మనుషులు కనబడతారనీ, అది మండువను అంటిపెట్టుకొన్న దయ్యమనీ నాలుగవది.

ఇటువంటి కథలు ఒక్క ఊరివి కావు. తాటివనాలున్న పల్లెలన్నిటా కొద్ది మార్పులతో వినబడతాయి. బడిలో పిల్లలు వీటిని ఉపాధ్యాయునికి చెప్పి, "నిజమేనా?" అని అడుగుతారు. "అన్నీ అబద్ధాలు" అంటే ప్రశ్న అంతటితో ఆగిపోతుంది గాని, దానికి సమాధానం దొరకదు. తాటిచెట్టు క్రింద పాలు త్రాగినా కల్లే అంటారని సామెత. చోటునుబట్టి తీర్పు చెప్పడం లోకానికి అలవాటు. పాలా, కల్లా అని గిన్నెలోకి తొంగిచూడడం శాస్త్రానికి అలవాటు. ఈ నాలుగు కథలలోకి ఆ విధంగా తొంగిచూస్తే ఏమి కనబడుతుందో పరిశీలింపదగినది. అందుకు ముందు మండువ చరిత్రను కొంత తెలుసుకోవాలి.

మండువ పుట్టుపూర్వోత్తరాలు

పదిహేడవ శతాబ్దంలో గోలకొండ రాజ్యానికి పలుమార్లు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే తన యాత్రా గ్రంథంలో కల్లును గురించి వ్రాసినాడు. దానిని అతడు "తారి" అన్నాడు. దూరపు తోపులనుండి తోలుతిత్తులలో నింపి, గుర్రాలమీద వేసి, పరుగుమీద నగరానికి తెచ్చేవారట. రోజుకు 500 నుండి 600 గుర్రాలు ఈ విధంగా వచ్చేవనీ, దీనిమీది పన్నువల్ల రాజుకు మంచి ఆదాయం ఉండేదనీ అతడు చెప్పినాడు. గుర్రాలను పరుగెత్తించడం ఎందుకు? కల్లు నిలువ ఉండదు గనుక. కల్లు కథలో ఈ తొందర ఎంత ముఖ్యమైనదో ముందు తెలుస్తుంది.

వరంగల్లు ప్రాంతపు చరిత్రలో గీత వృత్తికి మరొక ప్రత్యేకత కూడా ఉన్నది. నేటి జనగామ జిల్లాలోని ఖిలాషాపూర్‌లో కోట కట్టి, మొగలు అధికారులను ఎదిరించిన సర్వాయి పాపన్న కల్లుగీత కుటుంబంలో పుట్టినవాడు. ఔరంగజేబు మరణించిన మరుసటి సంవత్సరం, 1708లో, అతడు వరంగల్లుమీద దాడి చేసినాడు. 1710 ప్రాంతంలో మొగలు సేనలకు చిక్కి మరణించినాడు. పాలకుల వైపు చరిత్రకారుడు ఖాఫీఖాన్ అతనిని దోపిడిగాడుగా వర్ణించినాడు. జానపద గాయకులు వీరునిగా పాడినారు. ఒకే మనిషిని రెండు నోళ్ళు రెండు విధాలుగా చెప్పగలవని ఇందువల్ల తెలుస్తున్నది. దయ్యాల కథలు వినేటప్పుడు కూడా ఈ సంగతి గుర్తుండాలి.

ఆసఫ్‌జాహీల కాలంలో కల్లు, సారాయిల వ్యవహారమంతా అబ్కారీ శాఖ క్రిందికి వచ్చినది. ప్రభుత్వాదాయంలో అది ముఖ్యమైన పద్దులలో ఒకటి. గీసే చెట్టుకు పన్ను, అమ్మే దుకాణానికి వేలంపాట ఉండేవి. పాట పాడుకొన్న గుత్తేదారు లాభం తీసుకొనేవాడు. చెట్టెక్కేవాడు కూలి తీసుకొనేవాడు. 1316 ఫసలీలో, అనగా 1906–07లో, హైదరాబాదు అబ్కారీ చట్టం వచ్చినది. అబ్కారీ రాబడి ప్రభుత్వానికి ఎంత కీలకమో ప్రజలకు తెలియకపోలేదు. 1947–48లో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో చేరాలని స్టేట్ కాంగ్రెసు సాగించిన ఉద్యమంలో, నిజాం ఖజానాకు గండికొట్టడానికి కల్లుచెట్లను నరికినారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత 1968లో వచ్చిన ఎక్సైజు చట్టం పాత చట్టం స్థానాన్ని ఆక్రమించినది. గుత్తేదారుల బదులు గీతపనివారే కట్టుకొన్న సహకార సంఘాలకు చెట్లు, దుకాణాలు ఇచ్చే పద్ధతి కూడా క్రమంగా ఏర్పడినది.

చెట్టులోని తీపి, లొట్టిలోని పులుపు

తాటిలో పోతుచెట్టు వేరు, పెంటిచెట్టు వేరు. రెండింటినీ గీయవచ్చును. గెలను కట్టగట్టి, దాని కొనను రోజూ పలుచగా చెక్కుతూ, క్రింద లొట్టి కడతారు. ఈతచెట్టుకైతే మోవి దగ్గర మానునే గీస్తారు. ఆకులలో ఎండవల్ల తయారైన చక్కెర చెట్టు ఇతర భాగాలకు ప్రయాణం చేస్తూ, ఆ కోత దగ్గర బయటికి కారుతుంది. అప్పుడే కారిన రసంలో నూటికి 10 నుండి 14 పాళ్ళవరకు చక్కెర ఉంటుంది. అది తియ్యగా ఉంటుంది, మత్తు ఉండదు.

కాని గాలిలోను, కోతమీదను, కుండ అడుగునను సూక్ష్మజీవులు కాచుకొని ఉంటాయి. ఈస్ట్ కణాలు చక్కెరను మద్యసారంగాను, బొగ్గుపులుసు వాయువుగాను మారుస్తాయి. కల్లుమీది నురుగు ఈ వాయువువల్లనే. ఈస్ట్‌తోపాటు జైమోమోనాస్ అనే బాక్టీరియా కూడా ఇదే పని చేస్తుంది. మరికొన్ని బాక్టీరియాలు లాక్టికామ్లాన్ని తయారుచేసి పులుపు తెస్తాయి. ఉదయం దించిన కల్లులో కొద్ది గంటలలోనే నూటికి నాలుగైదు పాళ్ళ మద్యసారం చేరవచ్చును. మరునాటికి ఎసిటికామ్లం పెరిగి అది త్రాగరానంతగా పులిసిపోతుంది. గోలకొండకు గుర్రాలు పరుగెత్తినది ఇందుకే. పులియడం జీవుల పనియే అని ఫ్రాన్సులో లూయీ పాశ్చరు 1857–60 మధ్య నిరూపించినాడు. లొట్టి లోపల సున్నం పూస్తే రసం క్షారగుణం పొంది, ఈ జీవుల పని మందగిస్తుంది. అప్పుడు లభించేది మత్తులేని నీరా.

పడిపోయినవాని దయ్యం

ఇక కథలకు వద్దాము. సందెవేళ చెట్టుమీద వినబడే కత్తి చప్పుడు మొదటిది. తాటిచెట్టు 20 మీటర్ల ఎత్తు, ఒక్కొక్కప్పుడు 30 మీటర్ల ఎత్తు కూడా పెరుగుతుంది. ఎండిన మట్టలు వెంటనే రాలవు. మోవి క్రింద వ్రేలాడుతూ ఉంటాయి. ఆకు విసనకర్రవలె వెడల్పుగా, గట్టిగా ఉంటుంది గనుక కొద్దిపాటి గాలికే ఊగుతుంది. మట్ట మానుకు తగిలినప్పుడు టకటకమని చప్పుడవుతుంది. నేలమీద గాలి తెలియకపోయినా 20 మీటర్ల ఎత్తున ఉండవచ్చును. పగటి సందడిలో ఆ చప్పుడును ఎవరూ పట్టించుకోరు. ఊరు సద్దుమణిగిన తరువాత అదే స్పష్టంగా వినబడుతుంది. ఆ తోపులోనే చావుపిట్ట అని జనం భయపడే గుడ్లగూబ కూస్తే కథ పూర్తవుతుంది. ఆ పిట్ట వచ్చేది పొలంలోని ఎలుకలకోసం.

చప్పుడు సంగతి ఇంతే. కాని ఆ చప్పుడుకు చనిపోయిన గీతగాని పేరే ఎందుకు పెట్టినారు? ఆ భాగం కల్పన కాదు. గీతగాడు మోకును మానుచుట్టూ వేసి, నడుముకు ముత్తాదు కట్టి, కాళ్ళకు గుజి తగిలించి రోజుకు రెండు మూడుసార్లు ఎక్కుతాడు. వానకు మాను జారుతుంది; త్రాడు అరుగుతుంది; మోవిలో పాము గాని, తేనెటీగలు గాని ఉండవచ్చును. 20 మీటర్ల ఎత్తునుండి జారినవాడు రెండు సెకనుల కాలంలో నేలను చేరుతాడు. గురుత్వ త్వరణం సెకనుకు సెకనుకు 9.8 మీటర్లు గనుక, నేలను తాకేటప్పుడు అతని వేగం సెకనుకు సుమారు 20 మీటర్లు, అనగా గంటకు 70 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. ఈ లెక్కను ఉన్నత పాఠశాల విద్యార్థి ఎవరైనా చేయగలడు. బ్రతికి బయటపడినవారిలోను వెన్నెముక దెబ్బతిని జీవితాంతం మంచాన పడినవారున్నారు.

గీతపనివారు చెట్టెక్కేముందు కాటమయ్యకు మ్రొక్కుకొంటారు. ఆ దేవుని పేరుతోనే 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం "కాటమయ్య రక్షక కవచం" అనే పథకాన్ని ప్రారంభించినది. నడుముకు, తొడలకు పట్టీలు, కాళ్ళకు ఊతం, పట్టు తప్పినప్పుడు మనిషిని మానువద్దనే ఆపే త్రాడు ఇందులోని ముఖ్యభాగాలు. కిందపడేవాడు రెండు సెకనులలో తనంతట తాను ఏమీ చేయలేడు. ఆ పనిని త్రాడు చేయాలి. ఇదే దానిలోని సూత్రం. తోపులోని దయ్యం కథ ఒక విధమైన ప్రమాదాల చిట్టా. ఫలానా చెట్టుమీదనుండి ఒక మనిషి పడినాడన్న సంగతిని ఏ దస్తరంలోను వ్రాయకపోయినా, ఊరు దానిని దయ్యం రూపంలో గుర్తుంచుకొన్నది.

లొట్టిని ఖాళీ చేసే దయ్యం

రాత్రి లొట్టి కట్టినప్పుడు రసం ఊరుతుండగా, తెల్లవారి చూస్తే తగ్గి ఉంటుంది. మానుమీద గీరలు కూడా కనబడతాయి. ఇది నిజంగా ఎవరో త్రాగిపోవడమే. త్రాగేవారిలో మొదటిది మానుపిల్లి. ఇది రాత్రిళ్ళు తిరిగే జంతువు, చెట్లెక్కడంలో నేర్పరి, పండ్లు, తీపిరసాలు దీనికి ప్రీతి. తాటి, ఈత లొట్టెలలో మూతిపెట్టే అలవాటు వల్లనే దీనికి ఇంగ్లీషువారు కల్లుపిల్లి అని పేరు పెట్టినారు.

రెండవది పండ్లు తినే పెద్ద గబ్బిలం. ఇది చప్పుడు లేకుండా వచ్చి, కోతవద్ద కారే రసాన్ని నాకుతుంది. ఈ సంగతిని కథగా వదిలివేయరాదు. మలేషియాలో 1998–99లో మొదటిసారి బయటపడిన నీపా అనే వైరసు ఈ గబ్బిలాల శరీరంలో ఉంటుంది. బంగ్లాదేశ్‌లో 2001 నుండి ఈ జబ్బు పలుమార్లు తలయెత్తినది. పచ్చి ఖర్జూరపు రసం త్రాగడానికీ ఈ జబ్బుకూ సంబంధమున్నదని అక్కడి పరిశోధకులు గుర్తించినారు. చీకటిలో చూడగల కెమేరాలను చెట్లకు కట్టి పరిశీలిస్తే, గబ్బిలాలు వచ్చి కోతను నాకడం, కుండవద్ద మూత్రం విడవడం కనబడినవి. కోతకు, కుండకు కలిపి వెదురుతట్టి కట్టితే గబ్బిలం రసాన్ని చేరలేదని కూడా వారు చూపినారు. రాత్రి లొట్టిని ముట్టేది ఎవరో తెలిస్తే, తట్టి ఎక్కడ కట్టాలో తెలుస్తుంది. దయ్యమని ఊరుకొంటే ఆ తట్టి కట్టేవారే ఉండరు.

కొరివిదయ్యం

చెరువు వెనుక నీరు నిలిచి, ఆకు అలము కుళ్ళేచోట మీథేను అనే వాయువు పుడుతుంది. ఇటలీ శాస్త్రజ్ఞుడు వోల్టా 1776లో ఒక సరస్సు అడుగున కర్రతో కదిపి, బుడగలుగా పైకివచ్చిన ఈ వాయువును సీసాలో పట్టి, అది మండుతుందని చూపినాడు. ఐతే చిత్తడినేలలో దీనిని వెలిగించేది ఏది అన్న ప్రశ్న చాలాకాలం నిలిచిపోయినది. కుళ్ళేచోట పుట్టే ఫాస్ఫీను వంటి వాయువులు గాలి సోకగానే అంటుకొని దీనిని వెలిగిస్తాయని కొందరన్నారు. నీటిలో లేచే మీథేను బుడగల మధ్య అతి సూక్ష్మమైన విద్యుత్ మెరుపులు పుట్టి, ఆ వాయువును చల్లగా వెలిగించగలవని 2025లో ప్రకటించిన ఒక ప్రయోగం సూచించినది. ఇంకా పరిశీలన సాగవలసిన విషయమిది.

అంతమాత్రాన తోపులో కనబడిన ప్రతి వెలుగును మీథేనుకు అంటగట్టడం కూడా తొందరపాటే. వాగులో చేపలు పట్టేవాని దీపం, తెల్లవారుజామున చెట్లదగ్గరికి పోయే గీతగాని లాంతరు, వానకాలపు మిణుగురులు ఇవన్నీ దూరాన వెలుగులే. చీకటిలో వెలుగు ఎంత దూరాన ఉన్నదో కంటికి తెలియదు. మనం నడిస్తే అదికూడా నడిచినట్లు తోచడానికి ఇది ఒక కారణం.

మండువ మానినవానికి కనబడే దయ్యం

నాలుగవ కథ అన్నిటికంటె ముఖ్యమైనది. రోజూ మండువకు పోయేవాడు రెండు మూడు రోజులు పోలేదు. చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, చెమటలు పోస్తాయి. మూలన ఎవరో నిలబడినారంటాడు. గోడమీద పురుగులు పాకుతున్నాయంటాడు. ఒక్కొక్కప్పుడు కొయ్యబారి మూర్ఛపోతాడు. ఇంటివారు "గాలి సోకినది" అని మంత్రగానివద్దకు తీసుకొనిపోతారు. అతడు ఏ దయ్యాన్నీ చూడలేదని అనడం సరికాదు. అతనికి నిజంగానే కనబడినది. కాని అది తోపునుండి రాలేదు, అతని మెదడునుండి వచ్చినది.

మెదడులో నాడీకణాల ఉద్రేకాన్ని అణచడానికి గాబా అనే రసాయనం ఉన్నది. అది గుర్రానికి కళ్ళెంవంటిది. మద్యసారం, నిద్రమందులు ఈ కళ్ళేన్ని ఇంకా బిగిస్తాయి. నెలలు, సంవత్సరాలు ఈ విధంగా బిగిస్తే మెదడు దానికి అలవాటుపడి, అంత బిగువులోను పని సాగడానికి లోపలినుండి ఎదురులాగడం నేర్చుకొంటుంది. ఒక్కసారిగా కళ్ళెం వదలితే గుర్రం పట్టు తప్పుతుంది. అప్పుడు కలిగేవే ఈ భ్రాంతులు, మూర్ఛలు. వైద్యం లేకపోతే ప్రాణం కూడా పోవచ్చును.

నూటికి నాలుగైదు పాళ్ళ మద్యసారమున్న చెట్టుకల్లును మితంగా త్రాగేవారిలో ఇంత తీవ్రమైన బాధ అరుదు. కాని చెట్లు తగ్గి, గిరాకీ పెరిగినచోట్ల నీటిలో క్లోరల్ హైడ్రేటు, డయాజిపామ్, ఆల్ప్రజోలామ్ వంటి మత్తుమందులు, తీపికి శాకరిన్ కలిపి కల్లు పేరుతో అమ్మడం మొదలైనది. క్లోరల్ హైడ్రేటును 1832లో లీబిగ్ అనే జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు తయారుచేసినాడు; 1869 నుండి అది నిద్రమందుగా వాడుకలోకి వచ్చినది. డయాజిపామ్ 1963లో అమెరికా మార్కెట్టులోకి వచ్చినది. ఆసుపత్రిలో తూచి ఇవ్వవలసిన మందులను కుండలో చేతివాటంగా కలిపితే, త్రాగేవానికి తాను ఏ మందుకు అలవాటుపడినాడో కూడా తెలియదు.

2015 సెప్టెంబరులో నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాలలో కల్తీకల్లుపై అధికారులు దాడులు చేసినప్పుడు ఈ సంగతి అందరికీ తెలిసినది. అలవాటైన కల్లు ఒక్కసారిగా ఆగిపోవడంతో, అనేకులు పిచ్చిపట్టినట్లు ప్రవర్తిస్తూ, మూర్ఛపోతూ ఆసుపత్రులకు చేరినారు, కొందరు మరణించినారు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు త్రాగి పలువురు ప్రాణాలు కోల్పోయినారు. మొదటిది మందు ఆగినందువల్ల కలిగిన కీడు. రెండవది మందు లోపలికి పోయినందువల్ల కలిగిన కీడు. మూలం ఒక్కటే.

కల్తీని అనుమానించడానికి పైన చెప్పిన శాస్త్రమే దారి చూపుతుంది. నిజమైన కల్లు నిలువ ఉండదు; మరునాటికి పులిసిపోతుంది. అందుచేత రెండు మూడు రోజులైనా పులియని కల్లును, చుట్టుప్రక్కల చెట్లే లేనిచోట వానకాలం, ఎండకాలం అనక అడిగినంత దొరికే కల్లును నమ్మరాదు. ఒక చెట్టు రోజుకు ఇచ్చే రసానికి ఒక హద్దు ఉన్నది. చెట్ల సంఖ్యకూ, అమ్మే సీసాల సంఖ్యకూ పొంతన లేనప్పుడు మిగిలిన సీసాలు ఎక్కడివని అడగడానికి రసాయనశాల అక్కరలేదు, కూడికలు వస్తే చాలును.

కథలను ఏమి చేయాలి?

నాలుగు కథలలోను దయ్యం నిలువలేదు. ఐతే నాలుగింటిలోను ఏదో ఒక నిజం నిలిచినది: పడిపోయిన మనిషి, రాత్రి వచ్చే జంతువు, కుళ్ళిన నేలలోని వాయువు, రోగికి కలిగిన భ్రాంతి. ఊరు తాను గమనించినదాన్నే చెప్పినది. కారణం తెలియక దయ్యం పేరు పెట్టినది. కథను కొట్టివేస్తే దానితోపాటు ఆ గమనిక కూడా పోతుంది. కథను నమ్మి ఊరుకొంటే అరిగిన మోకు మారదు, లొట్టికి తట్టి పడదు, రోగికి వైద్యం అందదు.

పల్లెలోని ఉపాధ్యాయులు విద్యార్థులచేత ఒక చిన్న పని చేయించవచ్చును. తమ ఊరిలో వినబడే దయ్యం కథలను పెద్దలను అడిగి వ్రాసుకోమనాలి. ఏ చోటు, ఏ కాలం, గాలి ఉన్నదా, నీరు ఉన్నదా, చూసినవారు ఏ స్థితిలో ఉన్నారు అన్న ప్రశ్నలకు జవాబులు ప్రక్కన వ్రాయాలి. చెట్టుమీదనుండి పడినవారి సంగతి వస్తే, ఏ సంవత్సరం, ఏ కారణంచేత పడినారో విచారించాలి. ఈ పనికి పగటిపూట, పెద్దలను వెంటబెట్టుకొని పోవడం మంచిది; తాటితోపులో దయ్యాలు లేకపోయినా పాములు ఉంటాయి.

మండువ మానిన మనిషి వణుకుతూ మూలన ఎవరో ఉన్నారని అన్నప్పుడు మాత్రం వ్రాసుకొంటూ కూర్చోరాదు. అతనిని వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. వర్ధన్నపేట ప్రాంతంవారికి వరంగల్లులో మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి ఉన్నది. తగిన మందును కొలతప్రకారం ఇచ్చి, రోజురోజుకూ తగ్గించుకొంటూ వస్తే, ఆ దయ్యం కొద్దిరోజులలో దానంతట అదే కనబడకుండా పోతుంది.